పేరులో దాగిన ఊరు

బ్రిటన్‌కి నైరుతి కొసన ఉంటుంది కార్న్‌వాల్. అక్కడివాళ్ల ఇంటిపేర్లు చాలా 'ట్రె', 'పోల్', 'పెన్' అంటూ మొదలవుతాయి. కార్నిష్ భాషలో ట్రె అంటే పల్లె, పోల్ అంటే మడుగు, పెన్ అంటే తల లేదా కొస. 'పెన్‌రోజ్' అలా పుట్టిందే. ఇందులో గులాబీ ఏమీ లేదు! 'రోస్' అంటే పొదలు నిండిన బీడు. బీడు కొసన ఉన్న ఊరు పెన్‌రోజ్ అయితే, ఆ ఊరివాళ్లకు అదే ఇంటిపేరైంది.

ఒకప్పుడు కార్న్‌వాల్‌ని పోషించినవి తగరం, రాగి గనులే. 1860ల్లో రాగి ధర పడిపోవడంతో వేలమంది పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కారు. ఆస్ట్రేలియాలోని మూంటా, మెక్సికోలోని పచూకా, మన పొరుగున కోలార్... ఎక్కడ గని ఉంటే అక్కడికెళ్లారు. వాళ్లతోపాటే ఈ పేర్లూ వెళ్లాయి. ఇప్పుడు అమెరికాలోని కొలరాడోలో ఓ ఊరిపేరు పెన్‌రోజ్. 2020లో భౌతికశాస్త్ర నోబెల్‌ను పంచుకున్న రోజర్ పెన్‌రోజ్‌దీ అదే ఇంటిపేరు.

విచిత్రమేంటంటే, ఆ పేరునిచ్చిన భాషే ముందు మూగబోయింది. 1777లో కన్నుమూసిన డాలీ పెంట్రీత్ అనే చేపలమ్మే అవ్వనే కార్నిష్‌ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషిగా చాలామంది చెబుతారు. 'పెంట్రీత్' అంటే ఇసుకతీరం కొస. తర్వాత భాషాభిమానులు పాత రాతల్ని తిరగేసి కార్నిష్‌ని మళ్లీ నేర్చుకున్నారు. వాళ్లు మర్చిపోయిన మాటల్ని వెతుక్కున్న చోట్లలో ఊరిపేర్లూ ఇంటిపేర్లూ ఉన్నాయి. 2002లో బ్రిటన్ ప్రభుత్వం కార్నిష్‌కి గుర్తింపునిచ్చింది.