ఫోనులోని ఆడపిల్ల

మొన్న వేసవి బైబిలు పాఠశాల ముగిసిన రోజున భద్రాచలం అవతల అడవి అంచు గ్రామంలో ఒక సంగతి చూశాను. మందిరం అరుగు మీదైతే సిగ్నల్ అందుతుందని పిల్లలంతా అక్కడే చేరారు. ఒక్క ఫోను, చుట్టూ ఏడు తలలు. తొమ్మిదేళ్ల పాప చెయ్యి చాపితే అన్న విదిలించి, "నువ్వొద్దే, ఆటలో ఆడోళ్లని మేం కాపాడాలి" అన్నాడు.

ఆ మాట వాడు కల్పించింది కాదు. 1981లో జపానువారి డాంకీ కాంగ్ ఆటలో పెద్ద కోతి ఒక స్త్రీని ఎత్తుకుపోతుంది, వీరుడు నిచ్చెనలెక్కి ఆమెను విడిపించాలి. ఆమె పని కేకవేయడమే. 1985 నాటి సూపర్ మారియోలోనూ రాకుమారి చెరలోనే ఉంటుంది. మన పట్టణాల్లో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ ఆటల్లో చాలామంది ఎరిగినవాడు ఈ మారియోనే.

1986లో మెట్రాయిడ్ వచ్చింది. ఇనుప కవచంలో పోరాడిన శూరుడు చివరికి సామస్ అనే స్త్రీ అని తెలుస్తుంది. మంచిదే. కాని ఆటను మరీ త్వరగా ముగించినవారికి ఆమెను చాలీచాలని బట్టల్లో చూపించారు! శౌర్యానికి ఇదేం సన్మానమో నాకు అర్థం కాలేదు. 1996లో వచ్చిన టూంబ్ రైడర్ కథానాయిక లారా క్రాఫ్ట్ చదువుకున్నది, ధైర్యం గలది. అయినా ప్రకటనలవారు ఆమె శరీరాన్నే అమ్మారు. 2013లో ఆమెను తిరిగి రూపొందించినప్పుడు ఒంటికి తగిన బట్టలు, చలి, గాయాలు, భయం అన్నీ ఇచ్చారు. మనిషిలా కనిపించింది.

2020లో పూణేవారు చేసిన రాజీ అనే ఆటలో ఒక అక్క తప్పిపోయిన తమ్ముణ్ణి వెదుకుతుంది. అందులో దేవతలు ఆయుధాలిచ్చే కథ ఉంది గనుక, పిల్లలు ఆడితే తల్లిదండ్రులు పక్కన కూర్చోవడం మేలు.

ఇంతకీ మనది తెల్లవారకముందే తునికాకు కోతకు అడవికి పోయే తల్లుల ప్రాంతం. ఎవరు ఎవరిని పోషిస్తున్నారో ఆ అబ్బాయి ఇంట్లోనే చూస్తున్నాడు. పైగా ఆ ఉదయం మేము చెప్పిన పాఠం దెబోరాను గూర్చినదే.

"బారాకు యుద్ధానికి ఒంటరిగా వెళ్లాడా బాబూ?" అని అడిగాను.

వాడు తల గోక్కున్నాడు. "లేదండీ, దెబోరమ్మ వస్తేనే పోతానన్నాడు."

కాసేపు ఆలోచించి, "ఒక్క ఆటే" అంటూ ఫోను చెల్లెలికిచ్చాడు. మూడు నిమిషాల్లో చార్జింగ్ అయిపోయింది.