గడ్డుకాలంలో వృత్తి మార్పు – కంప్యూటర్ రంగం

విద్య మనిషికి వెలుగునిస్తే, వృత్తి అతనికి నిలువ నీడనిస్తుంది. ఒక వృత్తిలో కుదురుకొన్న వ్యక్తి దానిని విడిచి మరొక దానిలో ప్రవేశించడం తేలికైన విషయం కాదు. అయినప్పటికీ డిగ్రీ ముగించి మిర్చి వ్యాపారుల వద్ద లెక్కలు వ్రాసేవారు, ప్రైవేటు పాఠశాలలలో బోధించేవారు, మందుల దుకాణాలలో పనిచేసేవారు మన ప్రాంతంలో ఎందరో నేడు కంప్యూటర్ రంగం వైపు ఆశతో చూస్తున్నారు. మధిర స్టేషనులో రైలెక్కి హైదరాబాదు చేరితే చాలు, జీవితం మారిపోతుందనే నమ్మకం బలంగా ఉన్నది.

అయితే కాలం అనుకూలంగా లేదు. దేశంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థయైన టి.సి.ఎస్. తన ఉద్యోగులలో సుమారు రెండు శాతాన్ని, అనగా 12 వేలకు పైగా మందిని తగ్గించబోతున్నట్లు 2025 జూలైలో ప్రకటించింది. ఉన్నవారికే ఉద్యోగ భద్రత లేనప్పుడు కొత్తవారు ఆ రంగంలో ప్రవేశించడం వివేకమేనా? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రలో కొంతవరకు లభిస్తుంది.

హైదరాబాదులో సైబర్ టవర్స్ భవనం 1998 నవంబరులో ప్రారంభమైంది. ఆనాడు ప్రపంచాన్ని కలవరపెట్టినది ‘వై టూ కే’ సమస్య. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే వ్రాసేవారు. కావున 2000 సంవత్సరాన్ని యంత్రం 1900గా భావించే ప్రమాదం ఏర్పడింది. ఆ ప్రోగ్రాములను సరిదిద్దడానికి కోబాల్ భాష తెలిసినవారు వేల సంఖ్యలో కావలసి వచ్చారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కొద్ది నెలలు నేర్చుకొని, కంప్యూటర్‌తో సంబంధం లేని చదువులు చదివినవారు సైతం విదేశాలకు వెళ్ళారు.

2000 గడిచింది, ఆ పని ముగిసింది. అదే ఏడాది అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. ఏటా 1,95,000 వరకు ఇచ్చిన హెచ్-1బి వీసాల పరిమితి 2003 అక్టోబరు నుండి తిరిగి 65,000కు పడిపోయింది. అనంతరం 2008లో ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలలోని మోసం బయటపడి, సుమారు 50 వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు అగమ్యగోచరమైంది. అయినను ఆ రంగం అంతరించలేదు; ప్రతి పతనం తరువాత మరింత విస్తరించింది. కాని ప్రతిసారీ ముందుగా నష్టపోయినవారు ఒకే ఒక పనిముట్టును నమ్ముకొన్నవారే.

దీనికి కారణం స్పష్టమైనదే. వ్యాపారం బాగున్న రోజులలో సంస్థలు రాబోయే పనుల కొరకు ముందుగానే మనుషులను తీసుకొని, జీతమిచ్చి శిక్షణ ఇస్తాయి. పని దొరికే వరకు అటువంటివారిని ‘బెంచి’ మీద ఉన్నారంటారు. మాంద్యంలో విదేశీ బ్యాంకులు, బీమా సంస్థలు ఖర్చు తగ్గించుకోగానే ముందుగా తొలగేది ఆ బెంచియే. అప్పుడు సంస్థ కోరేది చేరిన నాటి నుండే పని చేయగలవానిని. దీనికి తోడు, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత చిన్న చిన్న ప్రోగ్రాములు యంత్రమే వ్రాసి ఇస్తున్నది. కావున కేవలం ఒక కంప్యూటర్ భాష నేర్చిన కొత్తవాని విలువ మునుపటి వలె లేదు.

మరి ఇతర వృత్తులలో ఉన్నవారు ఏమి చేయాలి? తాము ఇదివరకు నేర్చినదానిని పారవేయక, దానినే పెట్టుబడిగా మార్చుకోవాలి. ఉదాహరణకు లెక్కలు వ్రాసే గుమాస్తాను తీసుకొందాం. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. అమలులోకి వచ్చి పన్ను లెక్కలు కంప్యూటర్‌కు ఎక్కాయి. బిల్లులో పన్ను ఎక్కడ తప్పుతుందో, సరుకు తిరిగి వస్తే లెక్క ఎట్లా సరిచేయాలో అతనికి తెలుసు. ప్రోగ్రాము వ్రాసేవానికి తెలియకపోవచ్చు. అతడు సమాచార పట్టికలను ప్రశ్నించే ఎస్.క్యు.ఎల్. భాషను, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పద్ధతిని నేర్చుకొంటే అతని పాత అనుభవమే అతనికి యోగ్యతాపత్రమవుతుంది. ఆ పట్టికల పద్ధతికి ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో పునాది వేశాడు. అర్ధశతాబ్దం దాటినా అది నిలిచే ఉన్నది. పైపై పనిముట్లు మారుతాయి, మూలసూత్రాలు మారవు.

అట్లే ఉర్దూ, తెలుగు రెండూ చదువనూ వ్రాయనూ వచ్చిన మన విద్యార్థులకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఒకటి కుడి నుండి ఎడమకు, మరొకటి ఎడమ నుండి కుడికి సాగే లిపి. ఈ రెండూ ఒకే తెరమీద చేరినప్పుడు వచ్చే పొరపాట్లను వెంటనే గుర్తించగలవారు అరుదు. భాషాజ్ఞానానికి సాంకేతిక జ్ఞానం తోడైతే అది కూడా ఒక హునరే.

ఇక హెచ్చరికలు. దూరపు కొండలు నునుపు. చేతిలోని ఉద్యోగాన్ని ముందుగా వదలరాదు. సాయంకాలాలు నేర్చుకొని, చిన్న పనైనా పూర్తిచేసి చూపగలిగిన తరువాతనే అడుగు వేయాలి. శిక్షణ రుసుముకై పొలం తాకట్టు పెట్టనవసరం లేదు. ఐ.ఐ.టి.ల ఆచార్యుల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారాను, 2017లో ప్రారంభమైన ‘స్వయం’ ద్వారాను ఉచితంగా లభిస్తున్నాయి. యోగ్యతాపత్రం కోరినవారు మాత్రమే పరీక్ష రుసుము చెల్లించాలి. జిల్లా కేంద్రమైన ఖమ్మంలోనే 2020లో ఐ.టి. హబ్ ప్రారంభమైంది.

డబ్బు తీసుకొని ఉద్యోగమిప్పిస్తామనేవారిని, లేని అనుభవానికి పత్రాలు సృష్టించేవారిని దూరముంచాలి. భవిష్యనిధి సభ్యులకు 2014 నుండి ఒకే శాశ్వత సంఖ్య ఉన్నది. ఎవరు ఎక్కడ ఎంతకాలం పనిచేసినదీ దానివలన తెలిసిపోతుంది. అబద్ధంతో పొందిన ఉద్యోగం విచారణ జరిగిన నాడు పోతుంది. దానితోపాటు పేరూ పోతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! కంప్యూటర్ రంగం తలుపులు మూసుకొనలేదు. ద్వారం మాత్రం ఇరుకైనది. ఇరుకు ద్వారంలో తోసుకొని పోయేవాని కంటే, లోపలివారికి అవసరమైన వస్తువును చేతపట్టుకొని వచ్చేవానికే ముందుగా దారి దొరుకుతుంది. మీరు నేడు చదువుతున్న వాణిజ్యశాస్త్రమో, రసాయనశాస్త్రమో, భాషాసాహిత్యాలో అటువంటి వస్తువు కాగలవు. వానిని క్షుణ్ణంగా నేర్వండి. ఆ పైన యంత్రాన్ని నేర్వండి.