దీపము ఆర్పిన పిదప వెలుగు ముద్ర

నెల్లూరు తీరమున మైపాడు, ముత్తుకూరు ప్రాంతములకు పోయిన శ్రోతలు రొయ్యల చెరువులను చూచియే యుందురు. ఆ చెరువుల రైతు మేతసంచి కొనునపుడు, పైనున్న చీటీ అసలైనదో నకిలీదో కన్నులతో చూచి చెప్పజాలడు. అచ్చుయంత్రమునకు రెండును ఒకటియే. ఈ చిక్కునకు విరుగుడు రొయ్యపొట్టు నుండియే తీయవచ్చునన్న వింతగా నుండును.

ఆ పొట్టులో కైటిన్ అను పదార్థము కలదు. దానినుండి తీసిన కైటోసాన్‌ను నీటితో చేర్చి, బిగించిన పాత్రలో 180 డిగ్రీల వేడిమిని కొన్ని గంటలుంచిన వెలుగునిచ్చు కర్బనకణములు లభించునని 2012లో ప్రకటింపబడినది. వీనిని కర్బన బిందువులందురు. పది నానోమీటర్లకు మించని యీ రేణువులు 2004లో అమెరికాలోని దక్షిణ కెరొలీనా విశ్వవిద్యాలయమున, మసినుండి కర్బన నాళికలను శుద్ధి చేయుచుండగా అనుకొనకుండ బయటపడినవి. మసిలో వెలుగు!

మన కరెన్సీనోటు మీది సంఖ్య అతినీలలోహిత దీపము క్రింద మెరయును. దీపము తీసిన తక్షణమే ఆరిపోవును. ఇది ప్రతిదీప్తి. కర్బన బిందువులును ఇట్లే మెరయును గాని, వానిని తగిన ఘనపదార్థమున పొదిగినచో మరియొక గుణము కనబడును. గ్రహించిన శక్తిలో కొంత పక్కదారిన చిక్కుకొని మెల్లగా వెలువడును. దీపము ఆర్పిన పిదపను కొన్ని క్షణములు వెలుగు నిలుచును. ఇది స్ఫురదీప్తి.

ఇందలి యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. 8 అంకెలోని ఎడమ గీతలను వెంటనే ఆరు సిరాతోను, తక్కిన భాగమును వెలుగు నిలుచు సిరాతోను వేయుదురు. దీపము క్రింద 8, ఆర్పగనే 3. చీటీని ఛాయాచిత్రము తీసి అచ్చువేసినవానికి ఈ విద్య పట్టుబడదు.

చిక్కంతయు తేమతోనే. వెలుగు నిలువవలెనన్న కణము కదలక బిగువుగా నుండవలెను. 2013లో పాలీవినైల్ ఆల్కహాలు పొరలో పొదిగి దీనిని సాధించిరి. కాని ఆ పొర నీటిని పీల్చును, పీల్చినచో సడలును, సడలినచో వెలుగు కావలసిన శక్తి వేడియై పోవును. గాలిలోని ప్రాణవాయువును దానిని హరించును. కార్తీకపు ముసురులో, సముద్రపుగాలి తగులు కొట్టులో ముద్ర ఆరిపోయిన అసలు మేతయే నకిలీగా తోచును. నష్టపడువాడు నిజాయితీగల వర్తకుడు. తరువాతివారు ఇసుకకు మూలమైన సిలికాలో ఈ బిందువులను బంధించి, తడిలోను వెలుగు నిలుపగలిగిరి. ఈ సిరాలు ఇంకను ఎక్కువగా ప్రయోగశాలలందే యున్నను, మన తీరమునకు పనికివచ్చునవి ఈ రెండవ తెగవే యని మా అభిప్రాయము.

ఇంకొకటి. ముద్ర చెప్పునది చీటీ సంగతి మాత్రమే. ఖాళీసంచిని కొని అందు నాసిమేత నింపువానిని అది పట్టియీయదు. కావున ముద్రను సంచి మూతికుట్టు మీద, విప్పగనే చినుగునట్లు అతికింపవలసి యుండును.