ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ కథ

వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తెలిసిందే. అందులో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మన అనంతపురం శెనక్కాయల్లోనూ ఫోలేట్ బాగానే ఉంది. ఎమ్మెస్సీలో హెటిరోసైక్లిక్ సమ్మేళనాలు, అంటే వలయంలో కార్బన్‌తో పాటు నైట్రోజన్ లాంటివి ఉండేవి, చదివేటప్పుడు మాకు బాగా దగ్గరగా అనిపించిన అణువు ఇదే.

దీని తలభాగం పేరు టెరిడిన్. అతుక్కున్న రెండు వలయాలు, వాటిలో నాలుగు నైట్రోజన్లు. నాలుగో స్థానంలో ఒక హైడ్రాక్సిల్. పాత పుస్తకాల్లో ఓహెచ్ అనే గీస్తారు గానీ, అది ఫీనాల్‌లో లాగా కుదురుగా ఉండదు. దాని హైడ్రోజన్ పక్క నైట్రోజన్ మీదికి పోతుంది, ఆక్సిజన్ కీటోగా మారుతుంది. ఇది టాటోమెరిజం. ఎక్కువగా ఉండేది కీటో రూపమే అయినా పరీక్షలో రెండూ గీయండి.

మన కణాల్లో ఒక ఎంజైమ్ ఈ ఫోలేట్‌ను పట్టుకుని, హైడ్రోజన్లు చేర్చి వదిలేస్తుంది. ఆ రూపం లేకపోతే డీఎన్ఏకు కావలసిన థైమిన్ తయారు కాదు, కణం రెండు కాలేదు.

1895లో భీమవరంలో పుట్టి, మూడోసారికి మెట్రిక్ గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత ఆ హైడ్రాక్సిల్ స్థానంలో అమైన్ పెట్టింది. అదే అమైనోప్టెరిన్. మార్పు అంతే! కానీ అమైన్‌తో వలయం క్షారగుణం పెరిగి ప్రోటాన్‌ను తీసుకుంటుంది. ఆ ధనావేశం ఎంజైమ్‌లోని ఋణావేశానికి గట్టిగా అతుక్కుంటుంది. ఎంజైమ్ ఇక వేరే పని చేయలేదు. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకే ముందు దెబ్బ. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన వివరాల ప్రకారం, రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

అమైనోప్టెరిన్‌కు ఒక మిథైల్ చేరిస్తే మెథోట్రెక్సేట్. ఇది మన ఊళ్ళకూ వచ్చింది. ఒక రకం కీళ్ళవాతానికి డాక్టర్లు రాస్తారు, వారానికి ఒక్కరోజే. మామూలు మాత్రలాగా రోజూ మింగితే ఎముక మూలుగులో రక్తకణాల తయారీ ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది. దానికి తోడు ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు, తారుమారు కావడం సులభం. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే కాబట్టి అవ్వ మందుల చీటీ మా చేతికే వస్తుంది. మీకూ అంతే. సెలవులకు పోయినప్పుడు చీటీలో ఏ రోజు రాశారో చూడండి. అవ్వకు ఆ రోజు పేరు చెప్పి, ఆ మాత్రలు వేరే కవర్లో కట్టిపెట్టి రండి.