పోల్చుట, పోల్చుకొనుట: ముఖములను గుర్తించుటలో మనుష్యుడు, కంప్యూటరు

తెలుగున ‘పోల్చు’ అను క్రియకు రెండర్థములు కలవు. ఒక వస్తువును వేఱొక వస్తువుతో సరిచూచుట మొదటిది. ఎదురైనవాడు ఫలానివాడని ఆనవాలు పట్టుట రెండవది. చిరకాలమునకు కనబడిన బంధువు ‘నన్ను పోల్చుకొంటివా?’ అని యడుగునపుడు ఈ రెండవ యర్థమే ఉద్దిష్టము. మాట యొక్కటియే గాని పనులు వేఱు. ముఖములను గుర్తించు కంప్యూటరును గూర్చి నేడు జరుగుచున్న చర్చ యంతయు, ఈ రెండు పనులను ఒక్కటిగా భావించుటవలన చిక్కువడుచున్నదని నా యభిప్రాయము. దానిని వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట మనుష్యుని శక్తిని పరిశీలింతము. మా సర్ఖనివంటి యూర జూన్ మాసమున బడి తెఱచినపుడు, ఉపాధ్యాయుడు క్రొత్త తరగతిలో నడుగిడినచో నలువది ముఖములును ఒక్కరీతిగా తోచును. ఒకరి పేర మఱియొకరిని పిలుచుట తప్పదు. దసరా సెలవులనాటికి ఆ పిల్లలే మసక వెలుతురున, అల్లంత దూరమున, తల త్రిప్పినంతమాత్రమున తెలిసిపోవుదురు. శాస్త్రజ్ఞుల ప్రయోగములును ఈ యనుభవమునే బలపఱచుచున్నవి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పవన్ సిన్హా, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన సమీక్షలో ఒక విశేషము కలదు. అడ్డముగా 7, నిలువుగా 10 చుక్కలు మాత్రమే మిగులునంతగా మసకబఱచిన పరిచిత ముఖములలో సగమునకు పైగా జనులు గుర్తింపగలిగిరి. కన్నులు చెఱిపిన చిత్రముకంటె కనుబొమలు చెఱిపిన చిత్రమును గుర్తించుటయే కష్టమని వారు 2003లో చూపిరి.

అపరిచిత ముఖముల యెదుట ఈ శక్తి సన్నగిల్లును. 2011లో బ్రిటనున రాబ్ జెంకిన్స్ ప్రభృతులు ఇద్దఱు డచ్చి స్త్రీల ఫోటోలు, ఒక్కొక్కరివి ఇరువది చొప్పున, నలువదింటిని కలిపి, మనిషికొక కుప్పగా వేఱుచేయుడని కోరిరి. ఆ స్త్రీల నెఱుగనివారు సాధారణముగా ఏడెనిమిది కుప్పలు చేసిరి. వారిని ప్రసిద్ధులుగా నెఱిగిన డచ్చివారు ఇంచుమించు అందఱును రెండు కుప్పలే చేసిరి. 2014లో ప్రకటితమైన యొక పరీక్షలో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులు, పరుల ఫోటో చూపినవారిలో నూటికి 14 మందిని ‘సరియే’ యని యంగీకరించిరి. ఏండ్ల యుద్యోగానుభవమును వారికి తోడ్పడలేదు. కావున ముఖములను గుర్తించుటలో మనము నిపుణులమనుట సగమే సత్యము. ఎఱిగినవారి విషయమున మాత్రమే నిపుణులము.

ఇక కంప్యూటరు. 1960-70 దశకమున అమెరికాలో వుడ్రో బ్లెడ్సో కంటికొనలు, నోటికొనలు మొదలగు బిందువులను చేతితో గుర్తింపించి, వాని నడిమి దూరములను యంత్రముచే సరిచూపించెను. 1973లో జపానునందలి క్యోటోలో తకెవో కనాదె ఆ బిందువులను యంత్రమే కనుగొను మార్గము చూపెను. ఆయన 1980లో చేరిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు స్థాపక సంచాలకుడు చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన మన రాజ్ రెడ్డిగారే. నేటి యంత్రములు లక్షలాది ఫోటోలను చూచి తమంత తామే భేదములను అభ్యసించును. అవి ప్రతి ముఖమును ఒక సంఖ్యల వరుసగా మార్చును. రెండు వరుసలు ఎంత దగ్గఱగా నున్నవో లెక్కించును. ఆ దగ్గఱతనము ముందు నిర్ణయించిన హద్దును దాటినచో ‘సరిపోయినది’ అని చెప్పును.

ఈ హద్దు జల్లెడకన్నువంటిది. కన్ను పెద్దదైనచో పిండితోపాటు తవుడును దిగును. చిన్నదైనచో మంచి పిండియు పైననే నిలిచిపోవును. రెండు దోషములను ఒక్కమాఱు పోగొట్టు జల్లెడ లేదు. ఎంత కన్ను పెట్టవలెనో నిర్ణయించునది యంత్రము కాదు, మనుష్యుడు.

2014లో ఫేస్‌బుక్ సంస్థవారి యంత్రము ఒక ప్రసిద్ధ పరీక్షలో నూటికి 97.35 వంతులు సరిగా చెప్పెను. అదే పరీక్షలో మనుష్యులు పొందినది 97.53. యంత్రము మనుష్యుని సమీపించినదని లోకము కొనియాడెను. కాని ఆ మనుష్యుల పరీక్షను 2009లో జరిపినవారు వేఱొక చిత్రమును కనిపెట్టిరి. ముఖమును పూర్తిగా కప్పి, జుట్టును, దుస్తులను, వెనుకటి దృశ్యమును మాత్రమే చూపినను జనులు 94.27 వంతులు సరిగా చెప్పిరి! మనుష్యుడు ముఖమొక్కటే చూడడు, పరిసరమంతయు చూచును.

యంత్రోపయోగములు రెండు విధములు. ఒకరిని వారి ఫోటోతోనే సరిచూచుట మొదటిది. 2020 జనవరి పురపాలక ఎన్నికలలో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘము కొంపల్లిలో పది పోలింగు కేంద్రములందు దీనిని ప్రయోగించెను. పింఛనుదారుల జీవన ప్రమాణమునకు 2021 నవంబరునుండి ఈ పద్ధతి కలదు. అందు ఫోటోను జూపి మోసగింపకుండ, కనుఱెప్ప లార్పుమని యంత్రము కోరును. స్వయంవరమున ఐదుగురు నలులలో ఱెప్పపాటు లేనివారు దేవతలని గ్రహించిన దమయంతి యుక్తియే యిది.

ఒక ఫోటోను పెద్ద భాండారమంతటితో సరిచూచుట రెండవది. తెలంగాణ పోలీసులు 2018నుండి దీనిని వాడుచున్నారు. వారి ‘దర్పణ్’ సాధనము తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకడకు చేర్చినది. ఇది ఘనమైన మేలు. అపాయమును ఇందే కలదు. లక్ష పోలికలలో ఒక్కసారియే పొరబడు యంత్రమనుకొందము. పదిలక్షల ముఖములతో ఒక ఫోటోను సరిచూచినచో సుమారు పదిమంది సంబంధములేనివారు జాబితా కెక్కుదురు. ఈ పొరపాటును అందఱికి సమానము కాదు. అమెరికా ప్రమాణముల సంస్థ 2019లో, తాను పరీక్షించిన పెక్కు కార్యక్రమములలో ఒకరిని మఱియొకరిగా భ్రమించు దోషము జనవర్గమును బట్టి 10 నుండి 100 రెట్లవఱకు మాఱుచున్నదని వెల్లడించెను. హైదరాబాదువాసి ఎస్. క్యూ. మసూద్ ఈ సాధనములకు శాసనాధారము లేదని వ్యాజ్యము వేయగా, తెలంగాణ హైకోర్టు 2022లో ప్రభుత్వమునకు తాఖీదు పంపినది.

ఇది నగరముల గొడవయని సరిహద్దు గ్రామములవారము ఊరకుండరాదు. 2025 జూలై 1 నుండి అంగన్‌వాడీలలో ఇంటికిచ్చు పోషకాహారమునకు దేశమంతట ముఖపరీక్ష విధింపబడినది. ఇందలి వింతను గమనింపుడు. కార్యకర్త ఆ తల్లిని ఏండ్లుగా ఎఱుగును, పేరుపెట్టి పిలుచును, బిడ్డ పుట్టినదినము నెఱుగును. మనుష్యుడు తప్పని తావు ఇదియే. ఐనను ఆమె యెఱుకకు విలువలేదు; ఆ తల్లిని ఎన్నడు నెఱుగని ఫోను ఔననవలెను. దొంగలెక్కలను అరికట్టవలెననుట న్యాయమే. కాని మసకబాఱిన పాత ఫోటోవలన యంత్రము కాదన్నచో, ఆకలి ఆ తల్లీబిడ్డలది, యంత్రముది కాదు.

మార్గము లేకపోలేదు. 2018లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, ఇద్దఱు సుశిక్షిత పరీక్షకుల తీర్పులను జోడించుటకంటె, ఒక పరీక్షకుని తీర్పును మేలైన యంత్రము తీర్పును జోడించినచో ఫలము మెఱుగు. అపరిచితుల పెద్ద గుంపులో వెదకిపెట్టుట యంత్రమునకు, నిర్ణయించి దానికి బాధ్యత వహించుట మనుష్యునకు తగును. ఎఱిగినవారు ఎదుటనున్నపుడు, యంత్రము తిరస్కరించినను, వారి సాక్ష్యముతో పని జరుగునట్లు నియమముండవలెను. పేర్లు చదువని వృద్ధులకు, తల్లులకు ఈ హక్కును వివరించి, అర్జీ వ్రాసిపెట్టుట చదువుకొన్న మన వంతు.

యంత్రము పోల్చగలదు. పోల్చుకొనుట మాత్రము మనుష్యుని పని. దానిని మనము విడిచిపెట్టరాదు.