సెలవు నాడు ఎండ కాస్తే తప్పెవరిది?



తుఫాను వస్తున్నదని బడికి సెలవు ప్రకటిస్తారు. మరునాడు మీరు నిద్ర లేచేసరికి ఎండ కాస్తూ ఉంటుంది. "వాతావరణ శాఖవారు మళ్ళీ పొరబడ్డారు" అని ఇంట్లో ఎవరో ఒకరు నవ్వుతారు. మారిషస్‌లో పెరిగిన మనమందరం ఈ మాట విన్నవారమే. ఇది న్యాయమైన మాటేనా? ఈ వ్యాసం చదివి మీరే తీర్పు చెప్పండి.

మొదట అంచనా ఎలా తయారవుతుందో తెలుసుకొందాం. ఉపగ్రహాలు సముద్రంపై మేఘాల కదలికను చూపుతాయి. త్రూ ఓ సెర్ఫ్ వద్ద ఉన్న రాడార్ వాన మేఘాలను కనిపెడుతుంది. బెలూనుకు కట్టిన చిన్న పరికరం పైకి ఎగురుతూ అక్కడి వేడిని, తేమను, గాలిని కొలిచి తెలుపుతుంది. కంప్యూటర్లు ఈ కొలతలను గణించి, తుఫాను పోగల దారులను చూపుతాయి. వాకోవాలోని నిపుణులు వాటిని పరిశీలించి హెచ్చరికను వ్రాస్తారు.

కష్టమంతా ఇక్కడే ఉన్నది. మన దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు మాత్రమే. తుఫాను వందల కిలోమీటర్ల మేర వ్యాపించినా, అతి ప్రచండమైన గాలులు దాని కన్ను చుట్టూనే వీస్తాయి. దాని దారి 100 కిలోమీటర్లు పక్కకు తొలగితే, పెను విధ్వంసానికి బదులు మనకు ఈదురుగాలి, వాన మాత్రమే రావచ్చు. రెండు రోజుల ముందుగా అంత సూక్ష్మంగా చెప్పడం కష్టం. అందువలన నిపుణులు "అవకాశం" అనే మాట వాడతారు. 70 శాతం అవకాశం అనగా, ఇటువంటి పది సందర్భాలలో ఏడింటిలో జరుగుతుంది, మూడింటిలో జరగదు అని అర్థం.

అంచనా వేరు, నిర్ణయం వేరు. నిపుణులు అంచనా చెబుతారు. నిర్ణయం తీసుకొనేవారు ఇతరులు. జాలరి పడవను ఒడ్డుకు లాగాలి. రేవు అధికారి ఓడలను నడిసముద్రానికి పంపాలి. ప్రభుత్వం బడులను మూసి, ఆశ్రయ కేంద్రాలను తెరవాలి. ఈ పనులన్నిటికీ సమయం కావాలి. కావుననే మీ బడిలో వలె హెచ్చరికలకు కూడా తరగతులు ఉన్నాయి. గంటకు 120 కిలోమీటర్ల వేగపు గాలి రాగల 36 నుండి 48 గంటల ముందు మొదటి తరగతి, సుమారు 12 గంటల ముందు రెండవది, సుమారు 6 గంటల ముందు మూడవది ప్రకటిస్తారు. అంతటి గాలి నిజంగా వీచినప్పుడు నాలుగవది. అప్పుడు ఎవరూ బయటకు రాకూడదు. గాలి ఒక్కసారిగా ఆగినా రాకూడదు. తుఫాను కన్ను మన మీదుగా పోతున్నదేమో! అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుండి మళ్ళీ విరుచుకుపడుతుంది.

ఇక పాత లెక్కల విలువ చూడండి. 19వ శతాబ్దంలో చార్లెస్ మెల్డ్రమ్ అనే పండితుడు ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, తుఫానుల నడకను అధ్యయనం చేశారు. 1960లో కరోల్ తుఫానునాడు గంటకు 256 కిలోమీటర్ల వేగపు గాలి నమోదైనది. చెరకు తోటల క్యాంపులలో మన పెద్దలు నివసించిన గడ్డి ఇళ్ళు అటువంటి గాలికి నిలువలేవు. ఆ తరువాతనే దీవి అంతటా కాంక్రీటు ఇళ్ళు పెరిగాయి.

వాన లెక్క కూడా నేర్చుకోండి. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో కొద్ది గంటలలోనే సుమారు 150 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంటే ప్రతి చదరపు మీటరుపై 150 లీటర్లు! కొండల నుండి దిగిన వరద 11 మంది ప్రాణాలు తీసింది. కాలువ ఎంత వెడల్పుగా త్రవ్వాలో, ఎక్కడ ఇల్లు కట్టరాదో ఇటువంటి లెక్కలే చెబుతాయి.

తుఫానులు మన పూర్వీకులకూ క్రొత్త కావు. ఏ రేవు పేరున ఇక్కడ తెలుగువారిని "కోరంగి" అని పిలిచారో, ఆంధ్ర తీరంలోని ఆ కోరంగిని 1839లో తుఫాను ధ్వంసం చేసింది. ఆనాడు వారికి ముందుగా చెప్పే రేడియో లేదు.

ఇప్పుడు తీర్పు చెప్పండి. హెచ్చరించిన తరువాత తుఫాను రాకపోతే మనకు ఒక రోజు పని, ఒక రోజు చదువు నష్టం. హెచ్చరించకుండా వస్తే ప్రాణ నష్టం. ఈ రెండు పొరబాట్లూ సమానమా? అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎండ కాసిన ప్రతిసారీ మనం నవ్వుతూ పోతే, నిజమైన తుఫాను వచ్చిన నాడు హెచ్చరికను ఎవరూ నమ్మరు. ఈసారి ఇంట్లో ఎవరైనా నవ్వితే, మీరు నేర్చుకొన్న ఈ లెక్కను వినయంగా వారికి వివరించండి.