పూస కంటే ముందు రంధ్రం

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఓ తెలుగింట పెళ్లి కుదిరితే నల్లపూసలు కొనాల్సిందే. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో బంగారం తూకం, తరుగు, మజూరీ అన్నీ అడిగి తెలుసుకుంటారు. పూసల పుట్టుక ఎవరూ అడగరు. ఆవగింజంత గాజుకు నట్టనడుమ దారం దూరేంత రంధ్రం ఎలా పడింది?

పూర్వం రాతిపూసలను వజ్రపు మొన బిగించిన బరమాతో తొలిచేవారు. చిట్టి గాజుపూసలను వేలకు వేలు అలా తొలవడం అయ్యేపని కాదు. దానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో మొన్నమొన్నటి దాకా బతికింది. గుడిమల్లం శివాలయానికి దగ్గరి ఊరే అది.

అక్కడి పనివారు పూసను తొలవరు. ముందు రంధ్రం చేసి, దాని చుట్టూ గాజును సాగదీస్తారు. కొలిమిలో కరిగిన గాజును పొడవాటి ఇనుప గొట్టం కొసకు పెద్ద ముద్దగా పట్టిస్తారు. దొర్లించి మొనదేలుస్తారు. గొట్టంలోంచి ఊచ పోనిచ్చి ముద్దను కొసదాకా పొడుస్తారు. దాన్ని మళ్లీ కొలిమిలో పెట్టాక, అవతలి కంత దగ్గర కూర్చున్న మనిషి కొక్కెంతో మొనను అందుకుని లాగడం మొదలుపెడతాడు. ఇక గంటల తరబడి లాగుతూనే ఉంటాడు. గాజు ఎంత సన్నగా సాగినా లోపలి బోలు పూడదు. జోరుగా లాగితే సన్నగా, నెమ్మదిగా లాగితే లావుగా వస్తుంది. కొలత అంతా చేతిలోనే.

ఆ సన్నటి గొట్టాలను కట్టలుగా పట్టి తునకలు చేస్తారు. తునకల అంచులు పదును. అందుకే బూడిద కలిపి కుండలో వేసి, కాలుస్తూ కలియబెడతారు. వేడికి అంచులు గుండ్రమవుతాయి. బూడిద వల్ల పూసలు అంటుకోవు, రంధ్రమూ మూసుకుపోదు. బూడిదను ఇలా వాడాలని తొలిసారి తోచిన మనిషి ఎవరో గానీ, అతనికి దండం పెట్టాలి.

ఈ విద్య వయసు రెండువేల ఏళ్ల పైమాటే. పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపారు. అక్కడ పూసల తయారీ ఆనవాళ్లు పుష్కలంగా ఉన్నాయి. ఇలా సాగదీసి చేసిన చిన్న పూసలు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి ఆగ్నేయాసియా, కొరియా, జపాన్ దాకా దొరికాయి. అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టారు. దక్షిణాది పాత పూసల్లో అల్యూమినా పాలు ఎక్కువ. ఇసుకతోపాటు చౌడు నేలల మీద తెల్లగా పేరుకునే క్షారాన్ని వాడటమే అందుకు కారణమని పరిశోధకుల అభిప్రాయం. కొన్ని పూసల ఇటుక ఎరుపు రాగి వల్ల వచ్చింది.

హైదరాబాద్‌కు దగ్గర్లోనే, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, 1940ల ఆరంభంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వితే శాతవాహన కాలపు పూసలు రాశులుగా బయటపడ్డాయి. వాటిలో గాజువీ ఉన్నాయి. మోరేశ్వర్ దీక్షిత్ వాటి మీద రాసిన పుస్తకం 1952లో హైదరాబాద్ నుంచే వెలువడింది.

గాజును బోలుగా లాగే పనిని తర్వాత యంత్రాలూ అందుకున్నాయి. అమెరికాలో ఎడ్వర్డ్ డానర్ 1917లో గాజు గొట్టాలు లాగే యంత్రానికి పేటెంట్ పొందారు. తిరిగే బోలు కడ్డీ మీద కరిగిన గాజు పారుతుంది, లోపలి నుంచి గాలి ఊదుతారు, అవతల లాగుతారు. పాపానాయుడుపేట పనివారి సూత్రానికి ఇది ఎంత దగ్గరో చూడండి! చివరికి యంత్రాల మీద తయారైన చవక పూసలే ఆ చేతుల పని లాగేసుకున్నాయి.

డెన్మార్క్ పరిశోధకులు టోర్బెన్ సోడె, యాన్ కోక్ 2001లో ఉత్తర భారతంలోని సంప్రదాయ ముడిగాజు తయారీని వర్ణిస్తూ, ప్రాచీన సాంకేతికతకు అది తుది దశ అన్నారు. 2016లో అలోక్ కుమార్ కనుంగో పాపానాయుడుపేటను కేంద్రంగా తీసుకుని ఏకంగా పుస్తకమే తెచ్చారు. పరిశోధకులు తమ వంతు చేశారు. ఇక మ్యూజియంల వంతు. కొండాపూర్ మ్యూజియంలో పూసల పక్కనే పాపానాయుడుపేట కొలిమి పని వీడియో నడవాలి. ఆ పని తెలిసినవాళ్లే తమ మాటల్లో దాన్ని వివరించాలి. కొలిమి ఎలా కట్టాలో, గాజు పాకానికి వచ్చిందని ఏ రంగు చూసి గుర్తుపట్టాలో వాళ్లు చెబుతుండగా రికార్డు చేసే పని వెంటనే మొదలవ్వాలి.